దెయ్యాల సామాను

మొన్న విశాఖపట్నం నుంచి ముగ్గురు కుర్రాళ్లు దెయ్యాల్ని పట్టుకోవడానికి అరకు వచ్చారు. నేను పనిచేసే లాడ్జి ముందు, అద్దె జీపు బానెట్ మీద బ్యాగులోని సామానంతా బయటపెట్టి మళ్లీ సర్దుకుంటున్నారు. చిన్న కెమెరా, అరచేతిలో పట్టే రికార్డరు, తలకి తగిలించుకునే లైట్లు, చలిని కొలిచే ఏదో మీటరు, ఊరందరికీ సరిపడా చిప్స్ ప్యాకెట్లు. వాళ్లలో పొడుగాటి కుర్రాడు, బొంగులో చికెన్ ఎక్కడ బాగుంటుందని అడిగినంత మామూలుగా, ‘‘అన్నా, ఇక్కడ దెయ్యాలకి మంచి స్పాట్ ఏది?’’ అని అడిగాడు.

నేను బ్యాగులోకి తొంగి చూసి, ‘‘గొడుగు లేదే?’’ అన్నాను.

అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు, మా బావది. పోయిన వానాకాలంలో పోయాడు. ఈ కొండల్లోని దెయ్యాలన్నిటి దగ్గరికీ వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన మనిషి చివరికి షుగరుతో, ఆసుపత్రి మంచం మీద, తిరగని ఫ్యాను కింద పోయాడు. ఇంతకంటే చప్పగా పోవడం ఎవరివల్లా కాదు. బావకి నచ్చే ఉంటుంది. హడావుడి అంటే ఆయనకి మొదటినుంచీ నీరసం.

హడావుడి అంటే నీరసపడే మనిషికి దేవుడిచ్చిన వృత్తి మైకు సెట్టు. సంత వీధి చివర ఆయన కొట్టు. పెళ్లికీ, గ్రామదేవత పండక్కీ, చర్చి మీటింగుకీ, ఓట్ల ప్రచారానికీ అవే రెండు లౌడ్‌స్పీకరు బాకాలు. ఒకటి సొట్టది. దాంట్లోంచి ఏ నాయకుడు మాట్లాడినా జలుబు చేసినట్టుండేది. బావ ఎండాకాలంలో కూడా మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు తొడిగి, మఫ్లరు తలకి చుట్టుకుని, ఆ గోల మధ్యలో స్టూలు మీద కూర్చుని కునికేవాడు. ప్రతి పని మొదలుపెట్టే ముందూ పెద్ద నిట్టూర్పు విడిచి, ‘‘సర్లే, ఇదీ అయిపోనీ’’ అనేవాడు. మా అక్క మెడలో తాళి కట్టే ముందు కూడా అదే మాట అన్నాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను పక్కనే ఉన్నాను. అన్నాడు.

ఇంకొక అలవాటుండేది. చూపుడు వేలి గోరుతో దేన్నైనా రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి, ‘‘ఆన్‌లో ఉందా?’’ అని చూసేవాడు. మైకు సంగతి సరే. పనసపండుని కొట్టేవాడు, టీ గ్లాసుని కొట్టేవాడు, ఇంటి తలుపుని కొట్టేవాడు. నేను డిగ్రీ తప్పి ఇంటికొచ్చిన రోజు నా నెత్తి మీద కొట్టి, ‘‘ఇది ఆఫ్‌లోనే ఉన్నాదే’’ అని అక్కకి రిపోర్టు ఇచ్చాడు. వృత్తి ముదిరి పిచ్చి అయిందని నేను అనుకునేవాణ్ని.

డిగ్రీ తప్పినవాడికి బావ కొట్టుకి మించిన యూనివర్సిటీ ఉండదు కాబట్టి నేను అక్కడే చేరాను. చేరిన కొత్తల్లోనే ఆయనకి రెండో పని ఉందని తెలిసింది. ఎక్కడైనా పై ఊళ్లో పాడుబడ్డ బంగళాలోనో, పాత కాఫీ గోడౌనులోనో ఏదో తిరుగుతోందని మాటొస్తే, బావ సామాను సర్దుకుని దెయ్యాన్ని చూడ్డానికి బయల్దేరేవాడు. ఎవరూ పిలవరు. ఎవరూ డబ్బులివ్వరు. సరదాగా వెళ్తున్నాడా అంటే, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లేవాడి మొహంలో కూడా అంతకంటే సరదా ఉంటుంది.

ఆ సర్దడం మాత్రం చూడాలి. ఇంట్లో కాదు, సంత రోజు, కొట్టు ముందు, అందరూ నడిచే దారిలో నీలం పట్టా పరిచి మొదలుపెట్టేవాడు. ఆంప్లిఫయరు, బ్యాటరీ, టేప్ రికార్డరు, సొట్ట బాకా, వైరు చుట్ట, మైకు. ఓపిక తగ్గిన టార్చి సెల్లులు ఎండలో వరసగా పడుకునేవి, వడియాల్లాగా. దెయ్యం అడుగులు పడతాయేమోనని ముగ్గుపిండి. జలగలకి ఉప్పు, పొగాకు. రీలు లేని కెమెరా. గొడుగు. ఒక్కొక్కటీ తీసి, టక్ టక్ కొట్టి, సంచిలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ కొట్టేవాడు. అల్లం అమ్మడానికి కొండ దిగినవాళ్లు, ఎండుచేపలు కొనడానికి వచ్చినవాళ్లు చుట్టూ నిలబడి చూసేవాళ్లు.

‘‘బావా, పెళ్లికెళ్తన్నామా, దెయ్యం కాడికా?’’ అనేవాణ్ని.

‘‘రెండూ ఒకటేరా. సామాను తక్కువైతే మాట పడాల.’’

‘‘పట్టపగలు దెయ్యమేటి బావా?’’

‘‘రాత్రి దానికి పనుంటాది. పగలైతే కాళీగా దొరుకుతాది.’’

బస్సెక్కి, దిగి, నడిచి పైకెళ్లేవాళ్లం. ప్రతి మలుపులోనూ బావ ఒక రాయిని ఎంచుకుని కూర్చునేవాడు. పాడుబడ్డ బంగళాకి చేరాక సామానంతా విప్పి, వరండాలో పరిచి, అక్క కట్టిచ్చిన అన్నం తిని, మఫ్లరు తలకింద పెట్టుకుని నిద్రపోయేవాడు. అది దెయ్యాల పరిశోధన. లేచాక, ‘‘నువ్వు బేగి దిగిపోయి బస్సు ఆపరా, నాను పెద్దోళ్లతో ఒక మాట సెప్పొత్తాను’’ అని నన్ను ముందు పంపేసేవాడు. కాసేపటికి ఒక్కడే దిగొచ్చేవాడు.

‘‘ఏటి సెప్పినావు?’’

‘‘ఉన్నాదన్నాను. మాటాడినానన్నాను. పోతానన్నాదని సెప్పినాను.’’

‘‘నువ్వు గురక పెట్టినావు బావా.’’

‘‘అదే భాషరా దానికి.’’

తమాషా ఏమిటంటే, మేము దెయ్యాన్ని చూసొచ్చిన ఊళ్లో మళ్లీ మా మైకు కట్టలేదు. పండగలొచ్చేవి, పెళ్లిళ్లు జరిగేవి, పిలుపు మాత్రం వచ్చేది కాదు. ‘‘ఆళ్లకి వేరే మైకోడు దొరికినాడే’’ అని బావ అక్కకి చెప్పేవాడు. అబద్ధాలాడి వచ్చిన ఊళ్లో ఎవడు పిలుస్తాడని నేను మనసులో అనుకునేవాణ్ని. మనసులో ఏముంది, పైకే అనేవాణ్ని. బావ కోపగించుకునేవాడు కాదు. కోపానికి ఓపిక కావాలి కదా.

ఒక వానాకాలం, సంత రోజు.

మా కొట్టుకి ఎదురుగా కొండచీపుళ్లు అమ్మే ముసలమ్మ ఒకామె కూర్చునేది. పై ఊరి మనిషి. పళ్లు తక్కువ, మాటలు ఎక్కువ. మైకు టెస్టింగు మొదలెడితే చాలు, ‘‘మైకోడా, నీ గొంతులో గుడ్లగూబ గుడ్లెట్టా!’’ అని శాపనార్థాలు పెట్టేది. బావ అంటే ఆమెకి పడదు. బావకి కూడా ఆమె అంటే ప్రేమేమీ లేదు. ఆవిడ అరుపు తన బాకా కంటే దూరం వెళ్తుందని కొంచెం అసూయ.

ఆ రోజు ఆమె అరవలేదు. చీపుళ్ల మోపు ముందు పెట్టుకుని కూర్చుంది. మామూలుగా సంతలో మోచెయ్యి పెట్టే చోటుండదు. ఆమె చుట్టూ మాత్రం ఒక ఎడ్లబండి తిరిగేంత ఖాళీ. ఆమె ఊరివాళ్లు అటు పక్కనుంచి నడవాల్సొస్తే మొహం తిప్పుకుని, పిల్లల్ని చంకకి ఎత్తుకుని దాటుతున్నారు.

నేను అన్నాను, ‘‘బావా, ఈ రోజు ఎదురుగా గాలి బాగా వత్తంది.’’

బావ లేచి వెళ్లి చీపురు కొన్నాడు. ఆమె తలెత్తి, ‘‘నీకెందుకురా సీపురు? నీ కొట్టు ఎప్పుడైనా తుడిసినావేటి?’’ అంది. గొంతులో జోరు లేదు. అలవాటు కొద్దీ తిట్టింది.

వెనక్కొచ్చి చీపురు గోడకి ఆనించి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. ‘‘దెయ్యం వచ్చిందిరా.’’

‘‘ఎక్కడ?’’

‘‘ఇంకా రానేదు. మనవే బేగి తేవాల.’’

ముసలమ్మ ఊళ్లో ఆవులు చస్తున్నాయి. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరం దిగడం లేదు. ముసలమ్మ చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని మాట పుట్టింది. ఇంకా ఎవరూ పైకి అనలేదు. పైకి అంటే ఏమవుతుందో ఈ కొండల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. దిగువనుంచి వచ్చిన మా లాంటివాళ్లం వాళ్లని చూసి నవ్వుతాం గానీ, మా పెదనాన్న తన బావిలో నీళ్లు ఇంకిపోయాయని పక్కింటి వదినతో చచ్చేదాకా మాట్లాడలేదు.

‘‘అందరూ దెయ్యం నేదని నిరూపిస్తారు బావా. నువ్వేటి, ఉన్నాదంటావు?’’ అన్నాను.

‘‘దెయ్యం నేదనుకో, మడిసిని ఎతుకుతారు.’’

అంతే చెప్పాడు. తర్వాత నీలం పట్టా దులిపి పరిచాడు.

ఆ రోజు సర్దినంత నెమ్మదిగా ఎప్పుడూ సర్దలేదు. ముసలమ్మ ఊరి పెద్ద, భుజం మీద గొడ్డలి వేసుకుని, ఉప్పు మూట చంకన పెట్టుకుని వచ్చి నిలబడేదాకా సర్దుతూనే ఉన్నాడు.

‘‘ఏటి మైకు బావూ, ఎటు పయనం?’’

‘‘మీ ఊరికే. ఆ రెస్టుహౌసులో ఏదో సేరిందట.’’

‘‘ఎవులు సెప్పినారు? మాకు తెలిసింది వేరు.’’

‘‘మీకు తెలిసింది మీ కాడే ఉంచండి. మిసను పెట్టి సూసినాక మాటాడుకుందాం. సూడకుండా మాట జారితే తప్పు మీదవుతాది.’’

పెద్ద ఆ సామాను వంక చూశాడు. అన్ని బటన్లున్న పెట్టెని కాదనడం అంత తేలిక కాదు. ‘‘సర్లే, రేపు రా’’ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క అన్నం మూట కడుతోంది. నేను ఆనపకాయ తరుగుతూ, ‘‘నీ మొగుడు రెండో దెయ్యానికి పెళ్లిచూపులకెళ్తన్నాడే. మొదటిది ఇంట్లోనే ఉన్నాది’’ అన్నాను. మామూలుగా అయితే గరిటె విసిరేది.

‘‘ఒరే, నీకు ఎకసెక్కమే తెలుసు’’ అంది. ‘‘మా పెళ్లైన కొత్తల్లో ఒక ఊళ్లో పండక్కి మైకు కట్టినాడు. పాటలాపి టీ తాగడానికెళ్లినాడు. మైకు ఆపడం మర్సిపోనాడు. దాని పక్కనే ఇద్దరు పెద్దోళ్లు కూకోని, ఊళ్లో జబ్బులకి పలానా ముసలోడే కారణమని గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుస నాలుగు కొండలకి ఇనపడ్డాది.’’

‘‘తరవాత?’’

‘‘తరవాతేటి. తెల్లారేసరికి ఆ ముసలోడు గెడ్డ నీళ్లలో తేలినాడు. తోసినారో, పడ్డాడో. గుసగుసయితే ఎవులో ఒకలు కాదనేవోళ్లు. మైకులో వచ్చినాక కాదనడానికి ఎవుడికి గొంతుంటాది?’’ అన్నం మూట ముడేసి గట్టిగా లాగింది. ‘‘అప్పటినుంచి సూడు, కనపడినదాన్నల్లా కొడతాడు, ఆన్‌లో ఉందా అని. రాత్రి నిద్దట్లో మంచం పట్టెని కొడతాడు.’’

నేను ఆనపకాయ తరుగుతూనే ఉన్నాను. చివరికి అది కూరకి పనికిరానంత సన్నగా అయింది.

ఘాట్‌లో చరియ విరిగిపడి బస్సు లేదు. దొరికిన జీపులో సగం దూరం, కాలినడకన మిగతాది. వాన. జలగలు ఉప్పుని లెక్కచేయలేదు. పైకి చేరేసరికి ఊరు ఊరంతా రెస్టుహౌసు ముందు ఉంది. ఎప్పుడో దొరల కాలంలో కట్టింది, పైకప్పు పెంకులు చాలావరకు ఊరివాళ్ల ఇళ్ల మీదికి మారిపోయాయి. ముసలమ్మ తన గుమ్మంలో ఒక్కతే కూర్చునుంది, దూరంగా, అందరికీ కనపడేలా. కుర్రాళ్ల చేతుల్లో కర్రలున్నాయి. వాన రోజు కర్ర ఊతకే అనుకుందామని చూశాను. కుదరలేదు.

సంచి విప్పాను. ఆంప్లిఫయరు ఉంది. బ్యాటరీ ఉంది. సొట్ట బాకా ఉంది. ముగ్గుపిండి తడిసి ముద్దయి ఉంది. మైకు లేదు. సంచి తిరగేసి దులిపాను. గొడుగు విప్పి కూడా చూశాను.

‘‘బావా’’ అన్నాను మెల్లగా, ‘‘మైకు మర్సిపోయినాం.’’

‘‘సర్లే, ఇదీ అయిపోనీ’’ అని ఆయన వైర్లు కలిపి స్విచ్చేశాడు.

మైకు లేని ఆంప్లిఫయరు ఊరికే ఉండదు, గుయ్‌మని ఒకటే రొద పెడుతుంది. సొట్ట బాకాలోంచి ఆ రొద మంచులోకి వెళ్లి, కొండకి తగిలి, ఇంకాస్త బొంగురుగా తిరిగొచ్చింది. అది ఏమిటో నాకు తెలుసు. తెలిసినా గొడుగు గట్టిగా పట్టుకున్నాను. జనం వెనక్కి జరిగారు. ఒక పిల్ల ఏడుపందుకుంది.

ఊరి పెద్ద తట్టుకుని నిలబడ్డాడు. ‘‘ఏటంటంది?’’

‘‘కోపంగా ఉన్నాది.’’

‘‘ఎవులి మీద? పేరు సెప్పమను.’’

అందరూ ముసలమ్మ గుమ్మం వైపు చూశారు. నేనూ చూశాను. అందరూ చూస్తే మెడ దానంతటదే తిరుగుతుంది. బావ బాకా దగ్గరికి వెళ్లి, గోరుతో టక్ టక్‌మని కొట్టి, చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత స్విచ్చు కట్టేశాడు. కొండలు ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది.

‘‘పేరు సెప్పింది’’ అన్నాడు. ‘‘నా పేరే.’’

‘‘నీ పేరా?’’ అన్నాడు పెద్ద.

‘‘పోయినేడు పండక్కి మూడ్రోజులు మైకు మోగించినాను కదా. దానికి నిద్దర సెడిపోయిందంట. నా గోలకే ఆవుల మీద పడ్డాదంట. మీలో ఎవులి మీదా దానికేటీ నేదు.’’

కర్రలు మా వైపు తిరిగాయి. బస్సు ఆపడానికి నన్ను ముందెందుకు పంపేవాడో, ఆ ఊళ్లు మమ్మల్ని మళ్లీ ఎందుకు పిలవలేదో అప్పుడు అర్థమైంది. ఒక్కో దెయ్యానికి ఒక్కో ఊరు సమర్పించుకుంటూ వచ్చాడు మా బావ. సరిగ్గా ఆ రోజే ఆపడానికి బస్సు లేదు.

‘‘అయితే మా ఆవుల్ని నువ్వే సంపీసినావు’’ అన్నాడు ఒక కుర్రాడు.

‘‘నా మైకు సంపీసింది. నానే అనుకోండి.’’

‘‘ఆయన బామ్మర్దిని, నాకు సంగీతం రాదు’’ అందామనుకున్నాను. ఈలోగా పెద్ద చెయ్యెత్తి కుర్రాళ్లని ఆపాడు. ఒక మేకని ఇవ్వాలన్నాడు, ఈ కొండ మీద మళ్లీ బాకా మోగకూడదన్నాడు, ఆ బాకా ఇక్కడే వదిలేసి పొమ్మన్నాడు. ఎవరో దానికి రాయితో ఇంకోవైపు కూడా సొట్ట పెట్టారు. బావ అన్నిటికీ తలూపాడు. చివర్లో, ‘‘ఆ జొరం గుంటడిని మాత్రం కిందకి పంపండి. ఆ దెయ్యం ఉన్న కొండ మీద ఉంటే తగ్గదు. ఆసుపత్రి దాకా అది రాదు’’ అన్నాడు. పిల్లాడి తండ్రి అప్పటికప్పుడు వాణ్ని వీపున కట్టుకుని మా వెనకే దిగాడు.

వాడు బతికాడు. చావాల్సిన ఆవులన్నీ చచ్చాయి కాబట్టి ఆవుల చావు కూడా ఆగింది.

దిగేటప్పుడు బావ ఒక మలుపులో రాయి మీద కూర్చున్నాడు. స్వెట్టరు తడిసి ఒంటికి అంటుకుపోయి, తీగ మీద ఆరేసిన మనిషిలా ఉన్నాడు. పిల్లాణ్ని మోస్తున్నవాడు ముందు వెళ్లిపోయాడు.

‘‘ఇన్నిసార్లు సర్ది, కొట్టి కొట్టి సూసి, ఆకరికి మైకు మర్సిపోయినావు బావా’’ అన్నాను.

‘‘మర్సిపోనేదురా. తీసీసినాను.’’

‘‘ఎందుకు?’’

‘‘మైకుంటే, పేరు సెప్పమన్నప్పుడు ఎవుడో ఒకడొచ్చి దాంట్లో సెప్పీసేవోడు.’’ గోరుతో తను కూర్చున్న రాయిని రెండుసార్లు కొట్టాడు. ‘‘గొడుగు తెచ్చినావా?’’

తెచ్చాను. పైనే మర్చిపోయాను.

తర్వాతి సంతలో ముసలమ్మ వచ్చింది. చుట్టూ ఖాళీ లేదు. మునుపటిలా జనం ఆమె చీపుళ్లు తొక్కుతున్నారు, ఆమె వాళ్లని తిడుతోంది. బావని చూడగానే లేచి నిలబడింది. ‘‘ఒరే మైకోడా! నీ గోలకేనట కదరా మా ఆవులు సచ్చినాయి! నీ కొంప కూల!’’ అని సంతంతా వినపడేలా అరిచింది. చీపురు కొందామని వెళ్తే, ‘‘నీకు అమ్మను పో’’ అంది. నమ్మేసింది. అందరికంటే గట్టిగా ఆమే నమ్మింది.

‘‘ఆమెకి నిజం సెప్పీమంటావా?’’ అన్నాను ఉక్రోషంగా.

‘‘అరుత్తందిరా’’ అన్నాడు బావ, స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంటూ. ‘‘అరవనీ.’’

తర్వాత ఏడాదికొకటో రెండో దెయ్యాలు వస్తూనే ఉన్నాయి. బావ సర్దుతూనే ఉన్నాడు. నన్ను ముందు పంపబోతే నేను వెళ్లడం మానేశాను, ఆ మేరకి తిట్లు సగం నా వాటాకి వచ్చేవి. చివరికి మైకు కట్టడానికి మాకు మిగిలింది సంత వీధి, చర్చి, రైల్వే స్టేషను పక్క కాలనీ. కొట్టు మూసేశాడు. నేను లాడ్జిలో చేరాను.

ఆయన్ని సమాధి చేసిన రోజు మా ఇంటికి ముసలమ్మ వచ్చింది. నడుం ఇంకా వంగిపోయింది. జనం వస్తారు కదా అని చీపుళ్ల మోపు కూడా తెచ్చుకుంది, పాస్టరుగారి భార్యకి రెండు అమ్మింది కూడా. వెళ్తూ వెళ్తూ ఒకటి మా అక్క గుమ్మానికి ఆనించి, ‘‘ఇప్పుడు సెవులకి సుకం’’ అని చెంగుతో ముక్కు తుడుచుకుంది. అక్క ఆ చీపురుని ఇంకా వాడలేదు.

ఇదంతా జీపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లకి చెప్పలేదు. చెబితే వాళ్లకి బోరు కొట్టేది. పొడుగాటివాడు వినయంగా రికార్డరు నా మొహం ముందు పెట్టి మళ్లీ అడిగాడు, ‘‘చెప్పండన్నా. ఆ పై ఊళ్లో రెస్టుహౌసు ఉందంట కదా. నిజంగా దెయ్యముందా? లేకపోతే అక్కడి మనుషులే ఎవరైనా ఏదైనా చేస్తున్నారా?’’

నేను ఆ చిన్న డబ్బాని వాడి చేతిలోంచి తీసుకున్నాను. గోరుతో రెండుసార్లు కొట్టి చూశాను. ఎర్ర లైటు వెలుగుతోంది. ఆన్‌లోనే ఉంది.

‘‘ఉందండీ, దెయ్యమే’’ అన్నాను, నాలుగు కొండలకీ వినపడేలా.